నడుస్తున్న మిషన్‌కు దండ వేయరు

రహమతుల్లా సార్ పోయారన్న కబురు ఫోన్లో వచ్చినప్పుడు నేను బడిలో తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు దిద్దుతున్నాను. "మామను ఖమ్మం దవాఖానాకు తీస్కపోతుంటే తొవ్వల్నే అయిపోయింది అక్కా" అన్నాడు ఆయన మేనల్లుడు. ఫోన్ పక్కన పెట్టి ఇంకో రెండు పేపర్లు దిద్దాను. ఏం దిద్దానో నాకు తెలియదు. తర్వాత చూస్తే రెంటికీ పూర్తి మార్కులు పడి ఉన్నాయి. సార్ చూసి ఉంటే నా చెవి మెలేసేవారు.

సాయంత్రానికల్లా మా బడి స్వర్ణోత్సవ సంఘం వారి సంతాప ప్రకటన అందరి ఫోన్లలో తిరగడం మొదలైంది. "విద్యాదాత, జ్ఞానజ్యోతి, మన్యసీమకు కంప్యూటర్ విద్యను పరిచయం చేసిన మహనీయుడు" అని రాశారు. చదివితే ఒళ్ళు మండిపోయింది. అదే సంఘం, అదే వారంలో, ఆ మహనీయుణ్ణి నలుగురిలో కూర్చోబెట్టి ఆయన చేసిన పనిని నకిలీ అని తేల్చింది. ఇప్పుడు సావనీర్ కోసం సార్ మీద సంస్మరణ వ్యాసం రాయమని నన్ను అడిగింది కూడా వాళ్ళే. రాస్తున్నాను. అచ్చు వేస్తారో, చించి పారేస్తారో వాళ్ళ ఇష్టం.

సార్‌ది ఖమ్మంలో గడియారాలు బాగుచేసే కుటుంబం. తండ్రికి కమాన్ బజార్ దగ్గర చిన్న దుకాణం ఉండేది. కొడుకు లెక్కల్లో డిగ్రీ చేసి భద్రాచలంలో మా బడికి పంతులుగా వచ్చారు. కరకట్టకు దగ్గర్లో ఒక ఇల్లు కిరాయికి తీసుకున్నారు. గోదావరి పెరిగిన ప్రతి ఏడూ సామాను మేడ మీదికి మోస్తూ, తగ్గాక దింపుతూ ఆ ఇంట్లోనే జీవితమంతా గడిపారు. ఊరు మారమని ఎవరైనా అంటే, "నీళ్ళు వచ్చి పోతయ్, నేను గీడనే ఉంట" అనేవారు.

నేను ఎనిమిదో తరగతిలో ఉండగా బడికి ఒక కంప్యూటర్ వచ్చింది. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు. చూడటానికి అది ఉత్త కీబోర్డు. కంప్యూటరంతా ఆ కీబోర్డు కిందనే ఉండేది. దాన్ని టీవీకి తగిలించాలి, ప్రోగ్రాములు పాటల క్యాసెట్ల వంటి వాటి నుంచి ఎక్కించాలి. దాని తెర మీద ఇంగ్లీషు తప్ప ఇంకోటి రాదు. పర్ణశాల నుంచి, దుమ్ముగూడెం నుంచి వచ్చి హాస్టల్లో ఉండి చదువుకునే మాలాంటి పిల్లలకు ఆ ఇంగ్లీషు ముక్కలు ఎక్కేవి కావు. సార్ వారం రోజులు దాన్ని చూస్తూ తల గోక్కున్నారు. తర్వాత గళ్ళ కాగితాలు తెచ్చి తరగతికంతా పంచారు.

"బేటా, దీనికి తెలుగు రాదు. మనమే నేర్పియ్యాలె. తలా ఒక అక్షరం తీస్కోండ్రి. గళ్ళు నల్లగ నింపుకుంట అక్షరం దింపుండ్రి" అన్నారు. నాకు 'ళ్ళీ' వచ్చింది. గుండ్రాలన్నీ ఆ గళ్ళలో ఇరికించలేక ఏడ్చినంత పని చేశాను. నా పక్క బెంచీ వేణుగోపాల్‌కు 'య్యి' వచ్చింది. వాడు పైనుంచి పెద్దగా మొదలుపెట్టి, చివరికి గళ్ళు చాలక అక్షరం తోక కత్తిరించాడు. సార్ ఏదీ దిద్దలేదు. మేము ఎట్లా గీస్తే అట్లాగే మిషన్‌లోకి ఎక్కించారు. ఆ అక్షరాలతో ఎక్కాలు అడిగే ప్రోగ్రాం ఒకటి రాశారు. జవాబు సరిగ్గా కొడితే "శెభాష్" అని వచ్చేది. తప్పు కొడితే "మళ్ళీ చెయ్యి" అని వచ్చేది. ఆ మాట సార్ తరగతిలో రోజూ అనేదే. కోప్పడి అనేవారు కాదు, ఇంకో పూరీ వేసుకొమ్మన్నట్టు అనేవారు.

సార్ రిటైరైన ఏడు దసరాకు బడిలో ఆయుధపూజ చేశారు. బడి జీపు, బోరు మోటారు, కుట్టుమిషను, కంప్యూటరు అన్నీ వరసగా పెట్టారు. ఏటా పెట్టేవే. సార్ ఉన్నన్నాళ్ళూ తనే కంప్యూటర్ తుడిచి, దాని మీద ప్లాస్టిక్ కవరు కప్పి, ఆ కవరుకు బొట్టు పెట్టించేవారు. ఆ ఏడు మన వాళ్ళకు భక్తి పొంగింది. లోపలి దుమ్ము కూడా తుడవాలని మూత విప్పారు. విప్పాక, లోపల ఉన్న నల్లటి ఐసీ చిప్పులకు ఒక్కోదానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టారు. పక్కనే కొబ్బరికాయ కొట్టారు. ఆ నీళ్ళు బోర్డు మీద పడ్డాయి. మూత బిగించి, బడికి తాళం వేసి దసరా సెలవులకు పోయారు. తిరిగి వచ్చి స్విచ్చి వేస్తే అది పలకలేదు. స్టోరు రూములో విరిగిన బెంచీల కింద పడేశారు.

కొన్నాళ్ళకు సంగతి తెలిసి సార్ సంచీతో వచ్చారు. మూత తీసి చూశారు. బోర్డు మీద రాగి గీతలన్నీ పచ్చగా చిలుమెక్కి తెగిపోయి ఉన్నాయి. "అరె, పెండ్లిపిల్ల లెక్క తయారు చేసిండ్రు కదరా" అని నవ్వారు. నేను అప్పటికే అదే బడిలో టీచర్ని. నాకు నవ్వు రాలేదు. ఎవరు చేశారో పేర్లతో సహా చెప్పబోతే ఆపారు. "భక్తి మంచిదే సుజాతా. మూత పెట్టి మొక్కాలె, అంతే" అన్నారు. పాత సామానే కదా, తీసుకుపొమ్మని బడి వాళ్ళు సంతోషంగా ఇచ్చేశారు. ఆ మాట గుర్తుపెట్టుకోండి. పాత సామాను అన్నది వీళ్ళే.

పాత బోర్డును బతికించాలని సార్ చాలా కాలం తంటాలు పడ్డారు. ఒక గీత అతికిస్తే ఇంకో గీత తెగేది. చివరికి ఆయనకు తెలిసింది, ఆ కాలపు కంప్యూటర్ల మీద ప్రేమ చావని వాళ్ళు ఇంకా ఉన్నారని, వాళ్ళు అదే కొలతకు, అవే స్క్రూ మరల రంధ్రాలతో కొత్త మదర్‌బోర్డు తయారు చేయిస్తున్నారని. తెప్పించారు. అది ఉత్త బోర్డు. దాని మీద చిన్న సామానంతా టంకం పెట్టి అతకాలి. పాత బోర్డు మీది ఐసీలను కాళ్ళు విరగకుండా ఊడదీసి ఇందులో కూర్చోబెట్టాలి. తండ్రి గడియారాలకు వాడిన భూతద్దం కంటికి బిగించుకుని, కిటికీ వెలుగులో కూర్చుని ఆ పని చేశారు. ఒక ఐసీ మీద కుంకుమ మరక పోలేదు. స్పిరిట్‌తో తుడవమంటే, "పని చేస్తున్నది గదా. బొట్టు ఉండనీ" అన్నారు.

మొదటిసారి స్విచ్చి వేస్తే టీవీలో నల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. సార్ మూత తీసి చూసి, నెత్తి కొట్టుకుని, "ఒకటి ఉల్టా పెట్టిన" అన్నారు. తిప్పి పెట్టాక తెర తెల్లబడింది. క్యాసెట్ కీచుకీచుమంటూ తిరగడం మొదలైంది. వంటింట్లోంచి ఖమర్ ఆపా, సార్ భార్య, "యా అల్లా, ఈ కీచులాట మళ్ళ షురూ అయిందా?" అని అరిచారు. మా అక్షరాలు ఒక్కొక్కటీ తెర మీదికి వచ్చాయి. తోక లేని 'య్యి' వచ్చింది. కుంటుకుంటూ నా 'ళ్ళీ' వచ్చింది. నేను ఏడ్చాను. సార్ మూత బిగించి ఒక మర మాత్రం అగ్గిపెట్టెలో దాచారు. అది వాళ్ళ దుకాణం పద్ధతట. బాగుచేసిన గడియారం నడక మీద నమ్మకం కుదిరేదాకా చివరి మర బిగించరట. "ఎండకాలం ఒకటి పోనీ. వేడికి నిలబడితె బిగిస్త" అన్నారు.

ఇక వీళ్ళ సంగతి. స్వర్ణోత్సవాలు రాగానే పాత సామాను వీళ్ళకు చరిత్ర అయింది. ఈ ప్రాంతపు మొదటి కంప్యూటర్‌ను అద్దాల పెట్టెలో పెడదామని సంఘం కార్యదర్శికి తోచింది. కార్యదర్శి ఎవరో కాదు, తోక కత్తిరించిన వేణుగోపాల్. ఇప్పుడు రోడ్ల కాంట్రాక్టరు. మిషన్ తెమ్మంటే సార్ ఇస్త్రీ చొక్కా వేసుకుని, దాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చారు. పిల్లలు దాని మీద ఎక్కాలు చేస్తారని ఆయన ఆశ. క్యాసెట్ కూడా తెచ్చారు. వీళ్ళు హైదరాబాద్ నుంచి పాత వస్తువుల నిపుణుడు ఒకాయన్ని పిలిపించి ఉన్నారు. ఆయన మూత తీసి, పెదవి విరిచి, "మదర్‌బోర్డు కొత్తది. ఇది ఒరిజినల్ కాదు. ఒక మర కూడా లేదు" అన్నాడు.

"నా కండ్లల్ల అద్దాలు కూడ కొత్తయే బాబూ, ఆపరేషన్ చేసి పెట్టిండ్రు. అయితే మిమ్మల్ని చూసేది నేను కాదా?" అన్నారు సార్. అందరూ నవ్వారు. నవ్వి, అసలు మాట అన్నారు. కొత్త బోర్డు పీకేసి పాతది మళ్ళీ పెట్టి ఇమ్మన్నారు.

"పాతదానితోటి అది నడవదు కదా వేణూ."

"నడిచేదేముంది సార్? అద్దాల పెట్టెల పెట్టేదానికి నడుసుడెందుకు? నకిలీ పెట్టిండ్రని రేపు ఎవలన్న అంటె మా ఇజ్జత్ పోదా?"

సార్ క్యాసెట్ జేబులో పెట్టుకున్నారు. మిషన్‌ను తువ్వాలులో చుట్టుకున్నారు. ఆటో దాకా నేను వెంట వెళ్ళాను. "నా క్లాసులోనే కూసున్నడు సుజాతా, ఆ పిలగాడు" అన్నారు, ఆటో కదిలేముందు. ఆ వారమే పోయారు. గుండె అన్నారు డాక్టర్లు. డాక్టర్లతో నాకు తగవు లేదు. కానీ ఆ గుండె చివరిసారిగా దేనికి కష్టపడిందో నేను కళ్ళారా చూశాను. ఎవరు కాదన్నా వినను.

సార్ పోయాక సంఘం వాళ్ళు ఊరుకున్నారా? లేదు. సంతాప సభలో మిషన్ ప్రదర్శిస్తామని, పాత బోర్డు పెట్టుకునే పని తమ మెకానిక్ చూసుకుంటాడని ఇంటి మీదికి వచ్చారు. నేను అక్కడే ఉన్నాను. భర్త పోయాక భార్య పాటించే ఇద్దత్ రోజులు కనుక ఖమర్ ఆపా బయటి మగవాళ్ళ ముందుకు రాలేదు. పరదా వెనక నుంచే మాట్లాడారు.

"సుజాతా, మిషన్ షురూ చెయ్యి. వేణుగోపాల్‌ను కూసోబెట్టు. ఒక ఎక్కం చెయ్యనీ. చేసినంక తీస్కపోతె తీస్కపోనీ."

వేణుగోపాల్ ఇబ్బందిగా నవ్వుతూ కూర్చున్నాడు. క్యాసెట్ తిరిగింది. పదిహేడు ఎనిమిదులు ఎంత అని అడిగింది మిషన్. కాంట్రాక్టరు గారు నూట ఇరవై ఆరు అని కొట్టారు. తెర మీద "మళ్ళీ చెయ్యి" అని వచ్చింది. అతను చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆ మాటనే చూస్తూ ఉండిపోయాడు.

"ఆ 'య్యి' నాదే గదా" అన్నాడు కాసేపటికి.

"అవ్, నీదే" అన్నాను. "పాత బోర్డు పెట్టినవనుకో, అది మళ్ళ కనపడదు. నాది గూడ కనపడదు. సార్ మాట గూడ కనపడదు."

"మరి పెట్టెల ఏం పెట్టాలె? చీఫ్ గెస్ట్‌కు చెప్పినం" అన్నాడు వేణుగోపాల్ మెల్లగా. అప్పటికీ వాడి బెంగ అదే.

పరదా కింద నుంచి ఒక గుడ్డ మూట ముందుకు జరిగింది. విప్పితే చిలుమెక్కిన పాత బోర్డు. "గిది పెట్టుకోండ్రి" అన్నారు ఆపా. "ఒరిజినలే. దండ గూడ దీనికే వేస్కోండ్రి, ఇది పోయింది కదా. మా ఆయన ఫొటోకు దండలు వెయ్యకుండ్రి, మా ఇంట్ల ఆ రివాజు లేదు. నడిచే మిషన్‌కు అసలే వెయ్యకుండ్రి."

వాళ్ళు ఆ బోర్డు పట్టుకుని వెళ్ళిపోయారు. సభలో దానికి బంతిపూల దండ వేశారు. చీఫ్ గెస్ట్ దాని పక్కన నిలబడి ఫొటో దిగారు. వక్తలు తీరని లోటు అన్నారు. ఆ లోటు ఎంతో, ఎక్కడుందో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు. ఎవరు ఎట్లా గీసినా ఆ గీతను గౌరవించిన గురువు, చెడిపోయినదాన్ని తిట్టకుండా కూర్చుని బాగుచేసిన మనిషి, ఇక మాకు దొరకరు. నా కోపం తగ్గలేదు. తగ్గాలని కూడా నాకు లేదు.

నిన్న సాయంత్రం ఆపాను చూసి వద్దామని వెళ్ళాను. మిషన్ కిటికీ దగ్గరే ఉంది. దాని పక్కన అగ్గిపెట్టె, అందులో చివరి మర. ఎండాకాలం ఇంకా పోలేదు. స్విచ్చి వేశాను, క్యాసెట్ పెట్టాను. పదిహేడు ఎనిమిదులు అడిగింది. ఆ జవాబు నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు, సార్ నేర్పిందే. నూట ముప్పై ఐదు అని కావాలనే తప్పు కొట్టి, తెర వైపు చూస్తూ కూర్చున్నాను.