బలిపీఠం ముందు గుడ్డు పెట్టిన ఎర్రపెట్ట

పొద్దున గిద్దలూరు మార్కెట్లో గంప నిండా నాటుకోళ్లను చూశాను. అంతే, మన చర్చిలో కోత పండగ గుర్తొచ్చింది! ఒరే సండే స్కూల్ బ్యాచ్, ఈ ఆదివారమేరా! పొద్దున ఆరాధన, సాయంత్రం పిల్లల కోలాటం, ఆ తర్వాత ఊరందరికీ భోజనం. నాకైతే కాలు నిలవడం లేదు.

పంటలో మొదటి భాగం తెచ్చి బలిపీఠం ముందు పెట్టేవాళ్లం, గుర్తుందా? కొర్రల మూటలు, గుమ్మడికాయలు, గుడంతా పచ్చి కందికాయల వాసన. ఒక ఏడు వానల్లేక మాకు పంటే రాలేదు. వట్టి చేతులతో పోలేక నాయన నేను పెంచుకున్న ఎర్రపెట్టను తెచ్చి పెట్టాడు. అది సాయంత్రం భోజనాల్లో కూరవుతుందని తెలిసి నేను వెక్కి వెక్కి ఏడుస్తున్నాను.

పాస్టర్ అయ్యగారు కళ్లు మూసుకొని ప్రార్థన చేస్తుంటే, పెట్ట గుడి అదిరేలా కొక్కొక్కో అని అరిచింది. చూస్తే గుమ్మడికాయల మధ్య తెల్లటి గుడ్డు!

అయ్యగారు నవ్వు ఆపుకోలేక గబగబా ఆమెన్ చెప్పేశారు. "గుడ్లు పెట్టేదాన్ని ఎవరన్నా కోస్తారా? మన చర్చి హాస్టల్ పిల్లలకు గుడ్లు పెడతాది, ఉండనీండి. ఈ గుడ్డు మాత్రం నువ్వు తీసుకపో పాపా" అన్నారు.

ఈ పొద్దున మార్కెట్ నుంచి ఇంటికొచ్చి ఇదంతా మా పాపకు చెప్పి, "ఆదివారం మన నల్లపెట్టను ఇద్దామా?" అన్నాను. గబుక్కున పెరట్లోకి పోయింది. వెనకాలే వెళ్లి చూస్తే, కోడి ముందు గొంతుక్కూర్చొని బతిమాలుతోంది:

"ఇయ్యాల గుడ్డు పెట్టొద్దు. రేపు గూడా పెట్టొద్దు. ఆదివారం గుళ్లో పెట్టు, సరేనా?"