నాయనమ్మ వేలిముద్ర

నిన్న తెనాలిలో సిమ్ కార్డు కోసం వేలిముద్ర వేస్తుంటే మిషన్ మీద ఎర్ర లైటు వెలిగింది. ఒళ్లు మండిపోయింది.

నాకు ఎనిమిదేళ్లప్పుడు, రేపల్లెలో చేపలమ్మే మా నాయనమ్మతో రేషన్ బియ్యానికి వెళ్లాను. ఎండలో రెండు గంటలు నిలబడ్డాక మా వంతు వచ్చింది. నాయనమ్మ వేలు పెట్టగానే ఇలాంటి ఎర్ర లైటే వెలిగింది.

"చేపల కంపు! కడుక్కుని రాపో," అన్నాడు డీలరు, ఫోనులోంచి తలెత్తకుండా.

"ఇంకోసారి చూడు బాబూ, నీకు పుణ్యముంటుంది."

"చెప్పానా, కడుక్కొచ్చి వెనక నిలబడు!"

మిషన్‌కి చేపల వాసన పడదు కాబోలనుకున్నాను. బోరింగు దగ్గర ఆమె వేళ్లను కొబ్బరిపీచుతో గట్టిగా తోమాను.

"మెల్లిగా తల్లీ, మండుతోంది," అంది నాయనమ్మ.

మళ్లీ లైను చివర నిలబడ్డాం. మళ్లీ ఎర్ర లైటే. డీలరు షట్టరు దించేశాడు. నేను సరిగ్గా తోమలేదని దారంతా ఏడ్చాను.

ఏళ్ల తరబడి చేపల పొలుసు గీకి ఆమె వేలిగీతలు అరిగిపోయాయని, మిగిలిన కాస్తా నేనే తోమేశానని పెద్దయ్యాక అర్థమైంది. వేలిముద్ర పడనివాళ్లకి పుస్తకంలో రాసుకుని బియ్యం ఇవ్వొచ్చని కూడా అప్పుడే తెలిసింది.

డీలరుకి మాత్రం ఆ సంగతి ఆ రోజే తెలుసు.