ఖాళీ తట్ట

నాది కాని ఒక మాటను నాదని చెప్పి పైకొచ్చాను. ఇన్నేళ్ళూ దాని బరువు మోస్తున్నాను. మొదటిసారి మీకే చెబుతున్నాను.

మాది ఉదయగిరి. భూములు పోయినా తల వంచని ఇల్లు. తొంభైల్లో విశ్వవిద్యాలయంలో పరిశోధన చేసేవాణ్ణి. నా పక్క బల్ల దానియేలుది. సీతారామపురం వైపు నుంచి, కూలి పనులు చేసుకుంటూ చదివి వచ్చినవాడు. ఉప్పు ద్రావణంలో ముంచి ఉంచే, విద్యుత్తును మోసే ఒక పాలిమర్ పొర మా ఇద్దరి పని. అందులో ఎలక్ట్రాన్ తీగలోలాగా పారదు. ఒక అణువు పక్క అణువుకు అందిస్తుంది. అది ఎందుకంత నెమ్మదో రెండేళ్ళయినా నాకు అంతుపట్టలేదు.

సెలవులకు ఊళ్ళకు పోతూ ఇద్దరం ఆత్మకూరు బస్టాండులో కూర్చున్నాం.

"ఏంది దొరా, మొహం అట్ట పెట్టినావు?" అన్నాడు. చెప్పాను.

"చెరువు పూడిక తీసేది చూళ్ళేదా? మనుషులు కదలరు. మట్టి తట్టే చేతులు మారి గట్టెక్కతాది. ఖాళీ తట్ట కిందికి రాకపోతే వరసంతా నిలబడాల్సిందే. నీ ఎలక్ట్రాన్ నిండు తట్ట. ద్రావణంలోంచి పొరలోకి రావాల్సిన ఉప్పు అయాను ఉండాదే, అది ఖాళీ తట్ట. ఆలస్యం దానిది. ఉప్పు మార్చాల. మాయమ్మకు బాగలేదు, చూసుకొని వచ్చినాక నేనే చేస్తా. అందాకా నువ్వు గట్టు మీద గొడుగేసుకొని నిలబడు."

నవ్వాడు. నేను నవ్వలేదు.

అతనికంటే ముందు తిరిగి వెళ్ళాను. చిన్న అయాను ఉన్న ఉప్పు వేశాను. వేగం పెరిగింది. దానియేలు పేరు లేకుండా వ్యాసం పంపాను. తరువాత నా సిద్ధాంత గ్రంథం మీద మౌఖిక పరీక్షలో, అందులో రాసిన తట్టల పోలిక ఎలా తట్టిందని పరీక్షకుడు అడిగాడు.

"మా తాతగారు చెరువు పూడిక తీయించేవారు. చిన్నప్పుడు చూశాను."

దానియేలు వెనక వరసలో ఉన్నాడు. తను చేయాలనుకున్నది అప్పటికే నా పేరుతో అచ్చయింది. ఏడాది తిరక్కుండా పరిశోధన మానుకొని వింజమూరులో బడిపంతులుగా చేరాడు.

ఎందుకు చేశాను? పట్టా కోసమేనా? అదే అయితే అతని పేరు పక్కన పెట్టినా వచ్చేది. వరసలో నిలబడి మట్టి మోసినవాడి చేతి నుంచి నేనొకటి అందుకున్నానని నలుగురిలో చెప్పడానికి నా వెన్ను వంగలేదు, అంతే. పైగా ఆ అబద్ధం కూడా సరిగా ఆడలేదు. గట్టు మీది గొడుగు కింద లెక్కకు వచ్చేవి నిండు తట్టలే. మా ఇంట్లో ఎవరూ ఏనాడూ ఖాళీ తట్ట వంక చూడలేదు. ఆ గదిలో ఆ సంగతి తెలిసినవాడు అతనొక్కడే.

ఆ మాట దానియేలుది. రాశాను. చేతులు కాస్త తేలికయ్యాయి. ఖాళీ తట్ట మాత్రం ఇంకా కిందికి, అతని చేతికి చేరలేదు.