ఆదోని మిల్లులో తనంతట తానే లేచిన కంప్యూటరు

దయ్యం మాట ఎవరైనా ఎత్తితే, ముందు పోయి ఫ్యూజు చూసుకోమని చెప్పే రకం నేను. ఎమ్మిగనూరు బస్టాండు వెనక సందులో రేడియోలు, టేప్‌రికార్డర్లు బాగుచేసే షాపు నాది. తనంతట తానే మాట్లాడుతోందనీ, చెయ్యి పెడితే ఏడుస్తోందనీ ఎన్ని పెట్టెలు తెచ్చి నా బల్ల మీద పెట్టారో. మూత విప్పి చూస్తే లోపల దయ్యం ఎప్పుడూ ఒకటే, ఊడిపోయిన టంకం.

ఇంత నోరున్నవాణ్ణి కాబట్టే ఈ సంగతి ఇన్నాళ్లూ బయట చెప్పలేదు. చెబితే ముందు నన్నే ఆట పట్టిస్తారు.

ఎనభైల చివరి మాట. నా చెల్లెలు శారద ఆదోనిలో పత్తిలోంచి గింజ తీసే ఒక జిన్నింగు మిల్లు ఆఫీసులో టైపు చేసేది. పెళ్లయిన నాలుగేళ్లకే దాని భర్త పత్తికొండ దారిలో లారీ బోల్తా పడి చనిపోయాడు. ఆ తర్వాత రెండేళ్లు ఆస్పరిలో అత్తగారింట్లో గొడ్డు చాకిరీ చేసింది. అప్పటికి నాలుగేళ్ల కింద ఈ ఉద్యోగం దొరికాకే ఆదోనిలో ఒక గది అద్దెకు తీసుకుని తలెత్తుకు తిరగడం మొదలుపెట్టింది. నా దగ్గరికి రమ్మంటే ఒప్పుకునేది కాదు. నా పొగరులో సగం దానికీ ఉంది.

మిల్లు సావుకారు ఎవరి మాటో విని ఒక కంప్యూటరు కొన్నాడు. కంపెనీ మనిషి వచ్చి పది రోజులు నేర్పించి పోయాడు. పాత గుమాస్తా నాగప్ప షాక్ కొడుతుందని దాని దగ్గరికే రాలేదు. శారద మాత్రం నేర్చేసుకుంది. పత్తి బేళ్ల తూకాలు, లాటు నంబర్లు, ఉత్తరాలు అన్నీ అందులోనే.

ఆ మిషన్‌లో ఒక ఏర్పాటు ఉండేది. మూడు నిమిషాలు ఏ మీటా నొక్కకపోతే తెర చీకటైపోతుంది. మళ్లీ ఏదో ఒక మీట నొక్కితేనే వెలుగుతుంది. మిల్లులో అందరూ దాన్ని పడుకుంది, లేచింది అనేవాళ్లు.

ఉన్నట్టుండి అది ఎవరూ ముట్టుకోకుండానే లేవడం మొదలుపెట్టింది. పట్టపగలు, ఖాళీ కుర్చీ ముందు, తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చేసేవి. హమాలీలు ఆ గది వైపు చూడటం మానేశారు. కంపెనీ మనిషి రెండుసార్లు వచ్చి, ఏమీ లేదని చెప్పి, భోంచేసి పోయాడు.

సావుకారు చెడ్డవాడు కాదు, భయస్తుడు. ఆయుధ పూజ నుంచి కొత్త పత్తి సీజను మొదలు. ఆలోగా ఇది దారికి రాకపోతే మిషన్‌ను వెనక్కి పంపేస్తానన్నాడు. పాత టైపు పనికి నాగప్ప ఒక్కడు చాలు. అంటే శారద ఉద్యోగం పోయినట్టే, మళ్లీ ఆస్పరి బస్సు ఎక్కినట్టే. ఆ మాట తెలిసి నేను షాపు మూసేసి, సామాన్ల సంచి భుజాన వేసుకుని ఆదోని పోయాను.

గడప దాటగానే నాగప్ప నా చెవిలో ఊదాడు. "అన్నా, తప్పుగా అనుకోవద్దు. మొగుడు పోయిన ఆడది దినామూ మిషనుకు ఎదురుగా కూసుంటే ఇట్లే అయితాది."

నాకు ఒళ్లు మండిపోయింది. "నువ్వు ముప్పై ఏండ్లు టైపు మిషనుకు ఎదురుగా కూసుంటివి కదప్పా, దానికేమైంది?" అన్నాను. నాగప్ప తన బల్ల దగ్గరికి పోయాడు.

కంప్యూటరు గురించి నాకు పెద్దగా తెలియదు. కానీ కరెంటు గురించి తెలుసు. మీటల పలక విప్పితే చంటిపిల్ల దిండుకు సరిపడా దూది వచ్చింది. జిన్నింగు మిల్లులో దూది పోని చోటు ఉండదు. దొంగ దొరికాడని సంబరపడ్డాను. శుభ్రం చేసి పెట్టి, తేలిగ్గా టీ తాగుతుంటే తెర లేచింది. ఎర్తు సరిగా లేదేమోనని కొత్త గుంత తవ్వించి బొగ్గు, ఉప్పు పోయించాను. లేచింది. వెనకాల ఒక బల్లి కాపురముంటే దాన్ని తరిమేశాను. లేచింది. మీటలు పనిచేయకుండా ఆ పెట్టెకు ఒక చిన్న తాళంచెవి ఉంటుంది, అది తిప్పాను. చివరికి మీటల పలక తీగే పీకి పక్కన పెట్టాను. అయినా లేచింది.

మూడో రోజు అసలు సంగతి పట్టుకున్నాను. శారద గంటకోసారి తూకాలు రాసుకోవడానికి బేళ్ల షెడ్డుకు పోయేది. తను లేనప్పుడు తెర పడుకునేది. తను ఇంకా షెడ్డులోంచి బయటపడుతూ ఉండగానే ఇక్కడ తెర వెలిగేది. ఆ తర్వాత ఆవరణలో చెప్పుల చప్పుడు, ఆ తర్వాత మనిషి. ఆ రోజు ఏడుసార్లు చూశాను, ఏడుసార్లూ అంతే.

అడుగుల అదురుకేమోనని నాగప్పను నడిపించాను. హమాలీలను నడిపించాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, శారద చెప్పులేసుకుని నేనే నడిచాను. హమాలీలు పగలబడి నవ్వారు. మిషన్ మాత్రం కదల్లేదు. శారద మళ్లీ బయటికి పోయి తిరిగొస్తుంటే లేచింది.

ఇది ఎవరికీ చెప్పలేదు. చెబితే నాగప్ప కూతకు నేనే సాక్ష్యం పలికినట్టవుతుంది. శారదకు కూడా చెప్పలేదు. అదీ అడగలేదు, నా మొహం చూసే అర్థం చేసుకుని ఉంటుంది.

ఆయుధ పూజ రోజు వచ్చింది. పూజ నాడు పనిముట్టు పని చెయ్యకూడదు కదా, పొద్దున్నే కంప్యూటరు ప్లగ్గు నేనే పీకేశాను. మిల్లులో ఆనవాయితీ ఏంటంటే, ఏ మిషన్ మీద పనిచేసేవాడు ఆ మిషన్‌కు తానే బొట్టు పెడతాడు. ఫిట్టరు ఇంజనుకు, తూకం మనిషి కాటాకు, అట్లా. కంప్యూటరుకు మాత్రం నాగప్ప పెడతాడన్నారు. ఎందుకో అందరికీ తెలుసు. శారద బేళ్ల షెడ్డులో ఒక్కతే కూర్చుంది. ఇంకొకరి మిల్లులో పూజ నాడు నేనేం గొడవ చేయగలను?

గింజ తీసే జిన్ను మిషన్లన్నింటికీ పూజ అయ్యాక ఆఫీసు గదికి వచ్చారు. పూజారి, సావుకారు, నాగప్ప, సావుకారు తల్లి. మిల్లులో ఆమెను అందరూ అవ్వ అనేవాళ్లు. నీళ్లు చల్లితే తడుస్తుందని నేను కరెంటు తీగ చుట్టగా చుట్టి, ప్లగ్గుతో సహా చేతిలో పట్టుకుని నిలబడ్డాను. నాగప్ప కుంకుమ పళ్లెం ఎత్తాడు.

తెర వెలిగింది.

ఒక ఆకుపచ్చ గీత, మిణుకు మిణుకుమంటూ. నాగప్ప పళ్లెంతో సహా గోడకు ఆనుకున్నాడు. సావుకారు నా వైపు తిరిగాడు. "ప్లగ్గు పెట్టినావా?" అన్నాడు. నేను చెయ్యెత్తి చూపించాను.

అందరికంటే ముందు అవ్వ తేరుకుంది. "ఎవురో వస్తాండారు చూడు" అంది.

వాకిట్లోకి శారద వచ్చింది. పూజకు కాదు. మిషన్ తాళంచెవి సావుకారుకు ఇచ్చేసి పోదామని వచ్చింది. "అయ్యా, నేను పోతాండాను. నా వల్ల మీకు ఇబ్బంది వద్దు" అంది. తెర వైపు ఇంకా చూడలేదు.

అవ్వ తెరను చూసింది, శారదను చూసింది. నాగప్ప చేతిలో పళ్లెం తీసుకుంది.

"యాడికి పోతావే? పనిచేసే చెయ్యే బొట్టు పెట్టల్ల."

"అవ్వా, నేను..." అంటూ శారద వెనక్కి జరిగింది.

"నేనూ మొగుడు పోయినదాన్నే. ఇన్నేండ్లుగా ఈ మిల్లు తాళాలు నడుముకు కట్టుకోని తిరుగుతాండా. నన్ను ఎవురూ వద్దనలేదు, మిల్లు నాదని. నీకు మిల్లు లేదని వద్దంటారా? రాయే!"

పూజారి ఏదో అనబోయాడు. అవ్వ ఒక చూపు చూసింది. ఆయన మంత్రం అందుకున్నాడు.

శారద ఉంగరం వేలితో కుంకుమ తీసి పెట్టె మీద పెట్టింది. కుంకుమ సగం జారి మీటల్లో పడింది. వేరే రోజైతే తిట్టేవాణ్ణి. ఆ రోజు నా కళ్లు నిండిపోయి ఏమీ కనిపించలేదు. కళ్లు తుడుచుకుని చూసేసరికి తెర చీకటిగా ఉంది.

సావుకారు తాళంచెవి తీసుకోలేదు. "నీ దగ్గరే ఉంచుకోమ్మా. ఎల్లుండి పొద్దున కొత్త పత్తి వస్తుంది" అన్నాడు.

పీకేసిన టీవీలో కాసేపు వెలుగు నిలవడం నాకు తెలుసు. కానీ అది కొన్ని క్షణాలే, అప్పుడే ఆపితేనే. నేను ప్లగ్గు పీకి నాలుగు గంటలయింది. ఆ రోజు తర్వాత ఆ మిషన్ ఒక్కసారి కూడా తనంతట తాను లేవలేదు. నేను దానికి చేసిన రిపేరేమీ లేదు. శారద ఆ మిల్లులోనే చాలా ఏళ్లు చేసింది, తర్వాత వచ్చిన ఆడపిల్లలకు అదే పని నేర్పింది. ఇప్పటికీ ఎవరైనా కారణం అడిగితే నా దగ్గర జవాబు లేదు. లేదని ఒప్పుకోవడానికే ఇంతకాలం పట్టింది.

ఒక్కటి మాత్రం నాకు బాగా గుర్తు. ఆ పూజ రోజు మధ్యాహ్నం శారద గదికి పోయి భోజనానికి కూర్చున్నాం. శారద చెయ్యి కడుక్కోనంది. వేలికి ఇంకా కుంకుమ ఉంది. భర్త పోయిన ఆరేళ్ల తర్వాత అంటిన కుంకుమ. నేనే అన్నం కలిపి ముద్దలు చేసి పెట్టాను, చిన్నప్పటిలాగా. అది ఆ చేతిని ఒళ్లో పెట్టుకుని, చూసుకుంటూ తినింది.