లంకలో మేకులు దిగ్గొట్టిందెవరు?

దెయ్యాల మీద నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఫిల్మ్‌నగర్‌లో ఇరవై ఏళ్లుగా సెట్ కార్పెంటర్‌ని. భూత్‌బంగళాలే ఓ డజను కట్టి ఉంటాను. బూజు పెట్టేదీ మేమే, తలుపు కిర్రుమనేలా చేసేదీ మేమే. ఇక దేనికని భయపడాలి?

నాకు పని నేర్పింది మా మేస్త్రీ. రహమత్ నగర్‌లో ఉండేవాడు, పోయి రెండేళ్లయింది. ఆయన చేయి పడితే చవక చెక్క కూడా టేకులా కనిపించేది. అలాంటి పనివాణ్ని నేను మళ్లీ చూడలేదు. సుత్తి పట్టాడంటే రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఆ చప్పుడు వింటే చాలు, ఆయన ఏ మూల ఉన్నాడో తెలిసిపోయేది.

మొన్న వేసవిలో మా అమ్మాయి అనూష ఇంటర్ పరీక్షలయ్యాక, గోదావరి మధ్య దీవుల్లో సైకిల్ మీద తిరుగుదామని పట్టుబట్టింది. రోజూ మోతీనగర్ నుంచి జూబ్లీహిల్స్ ఎత్తులు సైకిల్ మీదే ఎక్కేవాణ్ని, నాకదో లెక్కా అనుకున్నాను. సైకిళ్లు పడవలో వేసుకుని ఒక లంకలో దిగాం.

లంక ఎంత బాగుందో చెప్పలేను. గట్టుకు ఒకవైపు అరటితోటలు, ఒకవైపు నీళ్లు. ఆ అందం చూస్తూ తొక్కుతుంటేనే అనూష గట్టు మీంచి నీళ్లలోకి జారిపడింది. కాలు బెణికి అడుగు వేయలేకపోయింది.

అక్కడ కిరాయికి దొరికింది ఒక్కటే చెక్కగది. ఎప్పుడో సినిమావాళ్లు షూటింగ్‌కి కట్టి వదిలేసి వెళ్లారని దాని యజమాని చెప్పాడు. చుట్టూ తిరిగి చూశాను. చేతులు జోడించాలనిపించింది. మూలల అతుకుల్లో గోరు కూడా దూరదు.

నేను తప్పు చేసింది అక్కడే. షూటింగ్ అవగానే సెట్ విప్పాలి కాబట్టి మేం మేకుని పూర్తిగా దిగ్గొట్టం, అరంగుళం బయటే ఉంచుతాం. గది వెనక గోడకి బయటివైపు నిండా మేకులు అలాగే ఉన్నాయి. అలవాటైన కళ్లకి అది సరైన పనిలాగే కనిపించింది. ఇందులో నా బిడ్డ పడుకుంటుందన్న ఆలోచనే రాలేదు. పైగా అనూష తడిసిన చున్నీ, టోపీ ఇస్తే ఆ మేకులకే ఆరేశాను.

మధ్యాహ్నం మూడింటికి ఈదురుగాలి మొదలైంది. పడవ ఆపేశారు. బయట అరటిచెట్లు పడిపోతున్నాయి. వెనక గోడ పలకలు ఊగడం మొదలుపెట్టాక నా తప్పు నాకు తెలిసొచ్చింది. అనూష నడవలేదు, నా దగ్గర సుత్తి లేదు. గోడకి వీపు ఆనించి నిలబడ్డాను. నా జీవితంలో అంత భయపడింది లేదు.

అప్పుడు వినిపించింది. గోడ అవతల రెండు చిన్న దెబ్బలు, ఒక పెద్ద దెబ్బ. ఆగి, మళ్లీ అదే వరస. గోడ ఈ చివర నుంచి ఆ చివరకి తీరిగ్గా సాగింది. ఒక్కో దెబ్బ నా వీపుకి తగులుతూనే ఉంది. పలకల సందులోంచి చూస్తే వాన తప్ప మనిషి లేడు. కాసేపటికి గోడ ఊగడం ఆగింది. నేను అక్కడే కూలబడి నిద్రపోయాను.

లేచేసరికి గాలి తగ్గింది. యజమాని పశువుల పాక నేలమట్టమైంది, అదృష్టం కొద్దీ పశువులు అందులో లేవు. మా గది చెక్కు చెదరలేదు. వెనక్కి వెళ్లి చూస్తే చున్నీ, టోపీ బురదలో ఉన్నాయి. గోడకి వాటిని తగిలించడానికి ఒక్క మేకూ లేదు. అన్నీ తలదాకా దిగి ఉన్నాయి.

"మేకులు మీరు దిగ్గొట్టారాండీ?" అని యజమాని నన్నే అడిగాడు. అంత గాలిలో తను ఇల్లు కదల్లేదన్నాడు.

హైదరాబాద్ రాగానే మేస్త్రీ భార్య దగ్గరికి వెళ్లాను. వదినా అని పిలుస్తాను. చిక్కుడుకాయలు తుంచుతూ అంతా వింది. ఆశ్చర్యపోలేదు.

"గా సప్పుడు ఇన్నంక గూడ భయమైందా తమ్మీ?"

"లేదొదినా. నిద్రవట్టింది."

"గట్లయితె మీ అన్ననే."

అవునో కాదో నాకు ఇప్పటికీ తెలియదు. గాలికి మేకులు ఊడతాయి గానీ దిగవు, అంతవరకే నాకు తెలిసింది. కానీ ఆమె ఆ మాట అన్నప్పుడు, ఆయన పోయినరోజు రాని ఏడుపు నాకు అప్పుడొచ్చింది.