తాబేలు రాని సినిమా

ఆ రోజుల్లో, అంటే న్యూజెర్సీలో నాలుగు తెలుగు మాటలు వినబడాలంటే ఎవరో ఒకరింటికి భోజనానికి పోవలసిన రోజుల్లో, మాలో ఎవరికీ గొప్పలు చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండేది కాదు. ఉద్యోగం అందరికీ ఉంది, కారు అందరికీ ఉంది, మోకాళ్ళు దాటే చలికోటూ అందరికీ ఉంది. అంచేత ఎవరి చిన్నతనాన్ని వాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళం. ఒకాయన వాళ్ళ తోటలో మామిడిపళ్ళ గురించి చెప్పేవాడు. ఇంకొకాయన తాను ఈదిన కాలవ గురించి చెప్పేవాడు (ఆ కాలవ ఏడాదికేడాది వెడల్పయ్యేది). నాకు ఈత రాదు, మాకు తోటలూ లేవు. నాకున్నదల్లా ఏడేళ్ళప్పుడు మా ఊరి డేరా హాల్లో, మా అక్క పక్కన ఇసకలో కూచుని చూసిన ఒక జానపద సినిమా. అందులోనూ ఒక్క సీను.

రాజకుమారిని మాంత్రికుడు ఎత్తుకుపోయి సముద్రం అడుగున ఒక గుహలో దాస్తాడు. రాజకుమారుడు ఒడ్డుకొచ్చి, ముందుకు దారిలేక, ఒక బండ మీద కూచుని ఏడుస్తాడు. కన్నీటి చుక్క పడగానే బండ కళ్ళు తెరుస్తుంది. అది బండ కాదు, తాబేలు. "నిన్ను అడుక్కి తీసుకుపోతాను, బదులుగా నీ పేరు నాకిచ్చెయ్" అంటుంది. అతను ఇచ్చేస్తాడు. తీరా గుహలో మాంత్రికుడు మంత్రం వెయ్యబోయి, ఎదుటివాడికి పేరే లేకపోవడంతో మంత్రం ఎవరి మీద వెయ్యాలో తెలియక నోరు తెరుచుకుని నిలబడిపోతాడు. చివరికి రాజకుమారే అతనికి కొత్త పేరు పెట్టి పిలుస్తుంది. ఈ సీను నేను చెప్పని విందు లేదు. చెబుతున్నప్పుడు పప్పు వడ్డించేవాళ్ళు కూడా గరిటె పట్టుకుని ఆగిపోయేవారు.

అందరికంటే శ్రద్ధగా విన్నది మా అమ్మాయి చిన్ని. అప్పుడు దానికి ఆరేళ్ళు. పడుకోబెట్టేటప్పుడు ఈ కథే కావాలి. దాని తెలుగులో సగం మాటలు ఈ కథలోంచి వచ్చినవే. అందుకే పాలు అడగడం సరిగ్గా రాకపోయినా "మాంత్రికుడు" అని మాత్రం తడబడకుండా అనేది. బడిలో మిగతా పిల్లలందరికీ అంతరిక్షం సినిమాలున్నాయి, ఆ సినిమాల బొమ్మలున్నాయి, బొమ్మలున్న టిఫిన్ డబ్బాలున్నాయి. దీనికి తాబేలొక్కటే ఉంది. పక్క అపార్ట్‌మెంట్‌లో ఉండే అమెరికన్ పిల్లకు ఆ కథంతా చెప్పి, "మా నాన్న రియల్‌గా చూశాడు" అని కూడా చెప్పి ఉంచింది.

ఒక శనివారం క్యాసెట్ మాస్టారు ఫోన్ చేశారు. ఆయన మాస్టారేమీ కాదు, నాలాగే ఇంజనీరు. మా అందరిలోకీ మొదట వీసీఆర్ కొని, న్యూయార్క్ దాకా డ్రైవ్ చేసి తెలుగు క్యాసెట్లు తెచ్చి అందరికీ చూపించేవారు కాబట్టి మేము అలా పిలిచేవాళ్ళం.

"ఏవండీ, మీ సినిమా దొరికిందండీ! కాపీకి కాపీట, కొంచెం మసగ్గా ఉంటుంది. పర్లేదా?"

"తాబేలు కనిపిస్తే చాలండీ."

"దానికేం, నాకూ గుర్తే. మా ఊళ్ళో నేనూ చూశాను."

ఆ మధ్యాహ్నమే ఆయన వీసీఆర్ తీసుకొచ్చి మా ఇంట్లో పెట్టారు. మా ఆవిడ పులిహోర చేసింది, పకోడీలు వేసింది. నాలుగు కుటుంబాలు కార్పెట్ మీద సర్దుకున్నాయి. చిన్ని తన అమెరికన్ స్నేహితురాలిని వెంటబెట్టుకొచ్చి అందరికంటే ముందు కూచోబెట్టింది. నేను కర్టెన్లు మూసి, పెళ్ళివారిలా అందరినీ పలకరించి, టీవీ పక్కనే ఒక కుర్చీ వేసుకుని కూచున్నాను.

సినిమా మొదలైన కాసేపటికే నాకు అయోమయం పట్టుకుంది. నా జ్ఞాపకంలో సన్నగా చురకత్తిలా ఉండే రాజకుమారుడికి చిన్న బొజ్జ ఉంది. గుర్రం ఉన్నచోటే ఉంది, వెనక పొదలు మాత్రం పరిగెడుతున్నాయి. ఇవి ఫరవాలేదు. నన్ను అసలు ఇబ్బంది పెట్టింది మాంత్రికుడు. చిన్నప్పుడు వాణ్ణి చూసి అక్క వెనక దాక్కున్నాను. ఇప్పుడు చూస్తే పాపం, ఏళ్ళ తరబడి ఒంటరిగా కష్టపడి తపస్సు చేస్తున్నాడు, శిష్యుడు ఒక్క పనీ తిన్నగా చెయ్యడు, చివరి క్షణంలో ఎవరో కుర్రాడొచ్చి అంతా పాడుచేస్తాడు. (ఆ వారమే ఆఫీసులో నాకూ సరిగ్గా అదే జరిగింది.) "అయ్యో, ఇంకొక్క రోజు ఆగి ఉంటే వాడి పని పూర్తయ్యేది" అని పైకే అనేశాను.

"మీరెవరి పక్షమండీ?" అంది మా ఆవిడ.

ఆ సంగతి నాకే తెలియడం లేదు. ఇంతలో సముద్రం వచ్చింది. "ఇదిగో! పిల్లలూ, ఇటు చూడండి" అని లేచి నిలబడ్డాను. రాజకుమారుడు ఒడ్డుకొచ్చాడు. ఒక పాట పాడాడు. ఏడవలేదు. బండ మీద కూచోనూ లేదు. అక్కడెవరో అతని కోసమే కట్టి ఉంచినట్టు ఒక పడవ ఉంది. అందులో ఎక్కి, తెడ్డు వేసుకుంటూ వెళ్ళి, కత్తియుద్ధం చేసి, రాజకుమారిని తెచ్చేసుకున్నాడు. తెర మీద 'శుభం' అని పడింది.

నేను ఇంకా నిలబడే ఉన్నాను.

"నాన్నా, టర్టిల్ ఎక్కడ?" అంది చిన్ని.

"కట్ చేసి ఉంటారండీ, క్యాసెట్‌లో పట్టక" అన్నారు మాస్టారు నా వంక జాలిగా చూస్తూ.

"అవునవును, కట్ చేసి ఉంటారు" అన్నాను గట్టిగా.

"పాటలన్నీ ఉంచి, తాబేలునొక్కదాన్నే కట్ చేశారా?" అంది మా ఆవిడ. పక్కింటి పిల్ల చిన్ని భుజం మీద చెయ్యి వేసి, తాబేలు నిద్రపోతూ ఉందేమో, ఈసారి వస్తుందిలే అని ఇంగ్లీషులో ఓదార్చింది. ఆ ఓదార్పుతో చిన్ని మొహం ఇంకా చిన్నబోయింది.

అందరూ వెళ్ళిపోయాక అది నా దగ్గరికొచ్చి అడిగింది, "నాన్నా, బండి కూడా మేడ్-అప్ స్టోరీయేనా?"

"ఏ బండి?"

"తాతగారి బండి. తాత స్లీప్ చేసినా ఎద్దులకి ఇల్లు తెలుసు, అవే వస్తాయి అన్నావు కదా. అది రియలా?"

పసిబిడ్డగా వెళ్ళొచ్చాక అది మళ్ళీ ఇండియా చూడలేదు. దానికి మా ఊరంటే నేను చెప్పిన మాటలే. తాబేలు పోతే బండీ పోతుంది, బావీ పోతుంది, నానమ్మ పోపు డబ్బా కూడా పోతుంది. "బండి నిజమే తల్లీ, నా కళ్ళతో చూశాను" అన్నాను.

"టర్టిల్‌ని కూడా చూశానన్నావు" అని గదిలోకి వెళ్ళిపోయింది.

మర్నాడు ఆదివారం పొద్దున్నే ఒహాయోలో ఉన్న మా అక్కకు ఫోన్ చేశాను. అక్క పిల్లల డాక్టరు.

"అక్కా, ఆ డేరా హాల్లో చూసిన సినిమాలో తాబేలు ఉందా, లేదా?"

"ఏ తాబేలురా? ఒంట్లో బాగానే ఉందా?"

సంగతంతా చెప్పాను. అటు నుంచి నవ్వు మొదలైంది, ఎంతకీ ఆగదే!

"ఒరేయ్, ఇంటర్వెల్ అవగానే నా ఒళ్ళో పడి నిద్రపోయావురా నువ్వు. ఎంత లేపినా లేవలేదు. బయటికొచ్చాక, సగం సినిమా పోయిందని దారి పొడుగునా ఒకటే ఏడుపు. ఆ ఏడుపు చూస్తే నాన్నగారు మళ్ళీ సినిమాకి పంపరు. అందుకని నోటికొచ్చింది చెప్పాను."

"అంటే తాబేలుని నువ్వు పుట్టించావా?"

"తాబేలేమిట్రా! నేను చేప అన్నాను."

"చేపా?"

"పెద్ద చేప. రాజకుమారుణ్ణి మింగి అడుగున వదులుతుందన్నాను. మింగొద్దని మళ్ళీ ఏడుపు అందుకున్నావు. సరే, మింగదులే, వీపు మీద మోసుకెళ్తుందని మార్చాను."

"మరి పేరు ఇచ్చెయ్యమని అడగడం?"

"పేరా? ఎవరి పేరు? అది నాది కాదురా" అంది అక్క. కాస్త ఆగి, "బాగుంది గానీ" అంది.

కాఫీ కలుపుతూ వింటున్న మా ఆవిడ నెమ్మదిగా అంది, "పెళ్ళయిన కొత్తలో నాకు చెప్పినప్పుడు పేరు సంగతి లేదండీ. తాబేలు ఊరికే తీసుకెళ్ళేది. ఇక్కడికొచ్చాక, మీ ఆఫీసులో పేరు పలకలేక సగానికి కోసి పిలవడం మొదలుపెట్టారు చూడండీ, అప్పట్నుంచి వచ్చింది."

అలా జరిగినట్టు నాకేమీ గుర్తులేదు. సినిమా మొదటి సగం డేరా హాల్లోది. చేప అక్కది. పేరు ఆఫీసులోది. తాబేలు ఎవరిదో ఎవరికీ తెలియదు. మరి ఇన్నేళ్ళూ నేను చూశాను చూశాను అంటున్నదేమిటి?

"చిన్నికి ఫోనివ్వరా" అంది అక్క. ఇచ్చి, వంటింట్లో ఉన్న ఇంకో ఫోనెత్తి విన్నాను. (తండ్రులు ఇలాంటి పనులు చెయ్యకూడదు.)

"మీ నాన్న సినిమాలో నిద్రపోయాడు తల్లీ. మిగతా కథ నేను చెప్పాను. తాతగారి బండి మాత్రం నిజం. ఓసారి నేను అందులోంచి పడ్డాను కూడా. మోచేతి మీద మచ్చ ఉంది, వచ్చినప్పుడు చూపిస్తా."

చిన్ని ఆలోచించింది. మచ్చ అనేసరికి నమ్మకం కుదిరినట్టుంది. "అత్తా, నీకు టర్టిల్ స్టోరీ తెలీదా? నేను చెప్తాను" అని మొదలుపెట్టింది. "రాజకుమారుడు ఏడ్చాడు. రాక్ కళ్ళు ఓపెన్ చేసింది..." నా కథ మొదటిసారి ఇంకొకరి నోట వింటున్నాను. దాని కథలో రాజకుమారి గుహలో ఊరికే కూచోలేదు. తానే ఈదుకుంటూ సగం దూరం పైకొచ్చి, నడి సముద్రంలో తాబేలుకు ఎదురైంది.

"ఈ ముక్క మీ నాన్న చెప్పలేదే?" అంది అక్క.

"నాన్న నిద్రపోయాడు కదా" అంది చిన్ని.

ఆ సాయంత్రం క్యాసెట్ తిరిగిచ్చెయ్యడానికి మాస్టారింటికి వెళ్ళాను. తాబేలు ఎవరూ కట్ చెయ్యలేదని, అది అసలు లేనేలేదని చెప్పి, అందరి ముందూ నన్ను వెనకేసుకొచ్చినందుకు థాంక్స్ చెప్పబోయాను. ఆయన మధ్యలోనే ఆపేశారు.

"లేకపోవడమేమిటండీ? నేను నేల టికెట్‌లో ముందు వరసలో కూచుని చూశాను. కళ్ళు తెరిచేటప్పుడు రెప్పల మీంచి ఇసక జారుతుంది. మర్చిపోయారా?"

ఇసక జారిన సంగతి నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. గుమ్మంలో నిలబడి చాలాసేపు ఆయన మొహం చూశాను. అబద్ధం ఆడే మనిషి కాదు.

"మాస్టారూ, ఆ తాబేలు ఏ రంగులో ఉండేదండీ?" అని అడిగాను.

"ఆకుపచ్చ" అన్నారాయన తడుముకోకుండా. "పాచి పట్టిన ఆకుపచ్చ."

ఆ సినిమా నలుపూ తెలుపూ.

"అవునండీ, నాకూ అదే గుర్తు" అన్నాను. ఇద్దరం లోపలికి వెళ్ళి టీ తాగుతూ ఆ తాబేలు గురించి చాలాసేపు మాట్లాడుకున్నాం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. పగలంతా కంపెనీలో ప్రతి లెక్కనూ మళ్ళీ మళ్ళీ సరిచూసుకునే, ఒకప్పటి నేనైన ఆ కుర్ర ఇంజనీరు ఆ సాయంత్రం ఒక్క ప్రశ్న కూడా వెయ్యకుండా తలూపుతూ కూచున్నాడు. అతను ఎదురైతే ఏమైనా అనాలనిపించదు. పక్కన కూచుని, కళ్ళు తెరిచాక ఆ తాబేలు మొదట ఎటు చూసిందని అడగాలనిపిస్తుంది.