బంద్ రోజుకని దాచుకున్న పరీక్ష

మా అన్న పోయినప్పుడు అతను నడిపే క్యాబ్ రోడ్డు పక్కకు తీసి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉంది. నానక్‌రామ్‌గూడలో ఆఫీసు వాళ్లను దింపి తిరిగి వస్తున్నాడు. ఓదార్చడానికి వచ్చినవాళ్లు చాలా మాటలు అన్నారు. గుండె ఆగింది. అంతకన్నా బాగా చెప్పాలని నాకు ఇప్పటికీ లేదు.

దవాఖానలో డాక్టరు, అన్న గుండె గోడ మందమైపోయి ఉందన్నాడు. ఇది రక్తసంబంధీకుల్లో రావచ్చు, తమ్ముడూ బిడ్డా ఇద్దరూ టూడీ ఎకో అనే గుండె స్కానింగ్ తీయించుకోవాలన్నాడు. తమ్ముణ్ని నేను. బిడ్డకు అప్పుడు ఏడేళ్లు. యంత్రం మాట వినగానే ఏడుపు మొదలుపెట్టింది. చివరికి వాళ్లమ్మ బతిమాలితే ఒక షరతు పెట్టింది: "కాక చేయించుకుంటే నేను చేయించుకుంట." ఆ కాకనూ నేనే.

హఫీజ్‌పేట్‌లో ఒక కిరాయి ఇంట్లో వదిన, పాప, నేను ఉండేవాళ్లం. హైటెక్ సిటీలో నాది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. తప్పు ఎంత ముందు దొరికితే అంత మంచిదని రోజూ ఇతరులకు చెప్పి జీతం తీసుకునేవాణ్ని.

ఉద్యమం జోరుగా ఉన్న రోజులవి. అన్న బతికుండగా మా ఇంటి పనులన్నీ ఒక్క మాట కింద ఆగి ఉండేవి: తెలంగాణ వచ్చినంక. వంటింట్లో నల్లా కారుతుంటే, తెలంగాణ వచ్చినంక బాగు చేయిద్దామనేవాడు.

"తెలంగాణ వస్తే నల్లా దానంతట అదే బందైతదా?" అని వదిన అడిగేది.

"మన నీళ్లు మనకొస్తయి గదనే, జర కారనియ్యి."

మెట్లెక్కితే ఆయాసం వస్తోందని ఒకసారి తనే చెప్పి, వెంటనే అదే మాట అన్నాడు. అందరం నవ్వాం.

అతను పోయాక నేను కాలం గురించి, పనులు వాయిదా వేయడం గురించి పుస్తకాలు తెచ్చి చదివాను. పెద్ద పనిని చిన్న ముక్కలు చేసుకోమన్నాయి. చేసుకున్నాను. మొదటి ముక్క, స్కానింగ్ సెంటర్‌కు ఫోన్ చేయడం. ఆ ముక్క దగ్గరే ఉండిపోయాను. ఆ పుస్తకాలు బద్ధకస్తుల కోసం రాసినవి. నాకున్నది భయం. మీటింగుల్లో బల్ల కింద మణికట్టు పట్టుకుని నాడి చూసుకునేవాణ్ని. మెట్లు మానేసి, ఒక్క అంతస్తుకు కూడా లిఫ్టు కోసం నిలబడేవాణ్ని. అయినా నా లెక్క ఒకటుంది: రిపోర్టు చేతికొచ్చే దాకా నాకు జబ్బు లేదు. అది ఆ కాగితంతోనే పుడుతుంది.

వదిన అడిగితే ఆఫీసు అనేవాణ్ని. శనివారం పొమ్మంటే, బంద్‌కు పోయిన రోజుకు బదులు శనివారం పని చేయాలనేవాణ్ని. అది నిజమే. ఇంక చెప్పడానికి ఏమీ మిగలక, "బంద్ రోజు పోత వదినా, ఆ రోజు ఖాళీగుంట," అన్నాను.

మొదటి బంద్ నాడు తీరిగ్గా వెళ్లాను. సెంటర్ షట్టర్‌కు తాళం ఉంది. ఆ తాళాన్ని చూసి ఎంత హాయిగా అనిపించిందో ఇంకా గుర్తుంది. ఇంటికొచ్చి చాలా రోజుల తర్వాత కడుపు నిండా తిన్నాను. మళ్లీ బంద్ అని టీవీలో రాగానే, మూసి ఉంటుందని తెలిసే, ఆ రోజుకే పెట్టుకున్నాను.

"నీకు వేరే దినమే దొరకదు. బంద్ మాత్రం బరాబర్ దొరుకుతది," అంది వదిన.

బంద్ రోజుల్లో తెల్లవారగానే దుకాణాలు కాసేపు సగం షట్టర్ ఎత్తేవి. కార్యకర్తలు వచ్చేలోపు పాలు, కూరగాయలు తెచ్చుకోవాలి. ఆ రెండో బంద్ పొద్దున వదిన నన్ను తొందరగా లేపింది.

"జల్ది పో, పాలు అయిపోతయి. ఆ స్కానింగ్ సెంటర్ గిట తీసిన్రేమో చూడు."

"బంద్ రోజు ఎవరు తీస్తరు వదినా?"

"పాలోడు తీస్తలేడా?"

పాల ప్యాకెట్లు పట్టుకుని, చూశానని చెప్పడానికి సెంటర్ వైపు నడిచాను. దాని షట్టర్ కూడా సగం లేచి ఉంది. లోపల లైటు వెలుగుతోంది. తెల్లకోటు వేసుకున్న ఒకావిడ షట్టర్ కిందనుంచి వంగి బయటికి చూసింది.

"ఎవరికండీ?"

మాటను బట్టి కోస్తా మనిషి.

"నాకే. ఎకో. రేపొస్త."

"స్టాఫ్ ఎవరూ రాలేదండి. నేనే డాక్టర్ని, మా ఇల్లు పైనే. కాసేపట్లో షట్టర్ దించేస్తాను. ఇప్పుడైతే వచ్చేయండి."

"పాలు ఉన్నయి. విరుగుతయి."

"మా ఫ్రిజ్‌లో పెడతానండి. రండి."

ఇంకో సాకు కోసం వెతికాను. దొరకలేదు. వంగి లోపలికి వెళ్లాను.

ఎడమవైపు తిరిగి పడుకోమంది. ఛాతీ మీద చల్లటి జెల్ రాసింది. యంత్రంలోంచి తడిబట్టలు ఉతుకుతున్నట్టు చప్పుడు వచ్చింది. అది నా గుండె అని తెలియడానికి కాస్త సమయం పట్టింది.

అప్పుడే వీధి చివర నినాదాలు వినిపించాయి. ఆమె పరుగున వెళ్లి షట్టర్ మొత్తం దించి, లైటు తీసేసింది. యంత్రం తెర ఒక్కటే వెలుగుతోంది. గుంపు దగ్గరికొచ్చింది. ఎవరో షట్టర్ మీద దబదబా కొట్టారు.

"లోపల ఎవరున్నరు? బంద్ అని తెల్వదా?"

ఆమె నోరు తెరవలేదు. తెరిస్తే ఏ ప్రాంతమో తెలిసిపోతుంది. తెర వెలుగులో నా వైపు చూసింది.

"పేషెంట్‌ని అన్నా," అన్నాను. ఆ మాట నా గురించి నేను అనడం అదే మొదటిసారి.

"ఏమైంది?"

"గుండె. మా అన్న గిట్లనే పోయిండు."

షట్టర్ మీద కొట్టడం ఆగింది. తర్వాత అదే గొంతు, "అయ్యో. కానియ్యి భయ్యా, పైలం," అని, అటు తిరిగి, "ఏయ్, జర ముందుకు నడువుండ్రి, లోపల గుండె పేషెంట్ ఉన్నడు," అంది. నినాదాలు దూరమయ్యాయి.

ఆమె మళ్లీ వచ్చి కూర్చుంది. "థాంక్సండి," అంది మెల్లగా.

ఆ చీకట్లో చప్పుడు వింటూ పడుకున్నాను. నేను తాళం చూసి సంతోషించిన రోజు కూడా అది ఇలాగే కొట్టుకుంది. నా వాయిదాలు దానికి తెలియవు. నేను ఆపగలిగింది పరీక్షను మాత్రమే. కాలమంటే ముందెక్కడో ఒక ఖాళీ రోజు ఉంటుందని, అన్నీ సద్దుమణిగాక అది వస్తుందని, దానితోపాటు ధైర్యమూ వస్తుందని అనుకునేవాణ్ని. ఆ ఏళ్లలో అలాంటి రోజు ఎవరికీ రాలేదు. ఊరంతా సగం షట్టర్ కింద వంగే పాలు కొనుక్కుంది. నేనూ భయం తగ్గకుండానే లోపలికి వచ్చాను.

"గోడ మందంగానే ఉందండి," అంది ఆమె. "ఇంకా బాగా ముదరలేదు. మందులు వాడాలి. పరుగులు, బరువులు వద్దు."

ఇంటికి వెళ్లేసరికి వదిన గుమ్మంలో ఉంది.

"పాలేవి?"

"డాక్టరమ్మ ఫ్రిజ్‌ల ఉన్నయి."

అర్థమై, అక్కడే కూర్చుండిపోయింది. "ఉన్నదా?"

"ఉన్నది. మందులు రాసింది."

పాప నా చొక్కా పట్టుకుంది. "నొప్పైందా కాకా?"

"లేదు. చల్లగుంటది, గంతే."

"మరి నేనెప్పుడు?"

బంద్ అయినంక అన్న మాట నోటిదాకా వచ్చింది. వదిన వైపు చూశాను. ఆమె గోడ వైపు చూస్తోంది. నేను అనకపోతే ఆ మాట తనే అనేలా ఉంది.

"పాలు తెచ్చుకోవాలె గద," అన్నాను. "నడువు."

"బయట జులూస్..." అంది వదిన.

"పోయింది వదినా. నువ్వు గూడ రా."

డాక్టరమ్మ మళ్లీ సగం షట్టర్ ఎత్తి పాపకూ ఎకో తీసింది. గుండె ఇప్పటికైతే మామూలుగానే ఉందని చెప్పింది. ఇప్పటికైతే అన్న మాట రెండుసార్లు అంది. ఏటా చూపించమంది. ఏటా వెళ్తున్నాం. వెళ్లే ముందు రోజు నాకు ఇప్పటికీ అన్నం సహించదు.